చేతులుంచడానికి వెల ఉందా?



"అయ్యగారూ, రేకీ చేయించుకుంటే తప్పేంటి? వాళ్ళూ చేతులుంచుతారు, యేసుప్రభువూ చేతులుంచాడు కదా!" అని కొందరు విశ్వాసులు అడుగుతున్నారు. చేతులు చూడడానికి ఒకేలా ఉంటాయి. ఆ చేతుల వెనుక ఎవరున్నారో, వాటికి వెల ఎవరు కట్టారో విచారించాలి.

రేకీని ఆరంభించినవాడు జపాను దేశస్థుడు మికావో ఉసూయి (1865-1926). క్యోటో దగ్గర కురామా కొండమీద 21 దినాలు ఉపవాసముండగా తనకు ఆ శక్తి కలిగిందని చెప్పి, 1922లో టోక్యోలో బోధ మొదలుపెట్టాడు. ఆయన శిష్యుడు చూజిరో హయాషి నౌకాదళంలో పనిచేసినవాడు. 1935లో హయాషి దగ్గరకు వైద్యానికి వచ్చిన హవాయో టకాటా, హవాయి దీవుల్లో పుట్టిన జపాను వంశస్థురాలు. ఆ విద్య నేర్చుకొని 1937లో ఇంటికి తిరిగి వెళ్ళింది. ఆమె ద్వారానే అది అమెరికాకు, అక్కడినుండి లోకమంతటికీ పాకింది.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఉసూయి క్రైస్తవ బోధకుడనీ, క్యోటోలోని దోషిషా విద్యాలయంలో పనిచేశాడనీ, చికాగోలో చదివాడనీ టకాటా చెప్పేది. తరువాతివారు వెదికితే ఆ రెండు చోట్లా ఆయన పేరు దొరకలేదు. ఆయన సమాధి టోక్యోలోని బౌద్ధాలయంలో ఉంది. ఎవరి మతం వారిది, దానితో మనకు జగడం లేదు. సత్యమే అయితే దానికి క్రీస్తు పేరు అతికించవలసిన అవసరమేమి?

ఇక వెల సంగతి. మొదటి డిగ్రీ, రెండో డిగ్రీ, మాస్టరు అని మెట్లు, మెట్టుకో రుసుము. మాస్టరు కావడానికి టకాటా 10,000 డాలర్లు పుచ్చుకునేది. 1980లో చనిపోయేనాటికి 22 మందిని మాస్టర్లను చేసింది.

సమరయలో గారడీ సీమోను ఇదే కదా అడిగింది? అపొస్తలులు చేతులుంచడం చూసి, ఆ అధికారం తనకూ ఇమ్మని ద్రవ్యం తెచ్చాడు. పేతురు ఆ సొమ్ము ముట్టలేదు, వాణ్ణి గద్దించాడు. దేవుని వరం సంతలో సరుకు కాదు.

అయితే రేకీవారినే అని ఊరుకుంటే మనం వేషధారులమే. ప్రార్థన నూనె సీసాకు ఇంత, చెయ్యి వేసి ప్రార్థిస్తే ఇంత అని పుచ్చుకునే మనవాళ్ళ సంగతేమిటి? నయమాను కానుకలను ఎలీషా వద్దన్నాడు. వాటి వెనుక పరుగెత్తిన గేహజీకి కుష్ఠు అంటుకుంది. పలక మార్చినా అంగడి అంగడే.

రోగులైన బిడ్డలారా, ఎవరి చెయ్యి తలమీద పెట్టినా బీపీ, షుగరు మాత్రలు మానకండి. డాక్టరు గారి దగ్గరకు వెళ్ళండి. సంఘ పెద్దలను పిలవండి, ప్రార్థన చేస్తారు. దానికి రుసుము లేదు, రహస్య గుర్తులు లేవు, డిగ్రీలు లేవు. వెల సిలువమీదనే చెల్లించబడింది.

ప్రభువు మిమ్మును స్వస్థపరచి కాపాడును గాక. ఆమేన్.