పై పెదవి మీది నూగు

ఈ విషయం రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. మధుమేహం గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ పదిమందిలో మాట్లాడుకునే మనం, ఆడపిల్ల పై పెదవి మీద నాలుగు వెంట్రుకలు కనబడితే మాత్రం గొంతు తగ్గిస్తాం. తగ్గించనివాళ్ళు ఎగతాళి చేస్తారు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో పదవ తరగతిలో రాష్ట్ర ప్రథమురాలిగా నిలిచిన బాలిక ఫొటో బయటికి రాగానే ఎందరో చూసింది ఆమె మార్కులను కాదు, ముఖం మీది నూగును. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయను. అప్పుడు రాసినవాళ్ళు చాలు.

ఈ చూపు నిన్న మొన్నటిది కాదు. ఒంటిమీద రోమాలు ఎక్కువున్న కన్యను పెళ్ళాడరాదని మనుస్మృతి మూడవ అధ్యాయం చెబుతుంది. బొత్తిగా లేకపోయినా పనికిరాదట. వాగుడుకాయనూ రోగిష్ఠినీ అదే శ్లోకంలో చేర్చారు. (ఇక మిగిలిన పిల్ల ఎవరో!)

వైద్యులు హిర్సుటిజం అనేది చేతుల మీద సన్నటి నూగు ఉండటాన్ని కాదు. పై పెదవి, గడ్డం, రొమ్ము, పొత్తికడుపు వంటి, మగవారికి మొలిచే చోట్ల ముదురు వెంట్రుకలు రావటాన్ని. ఆండ్రోజెన్లను పురుష హార్మోన్లని పిలుస్తాం గానీ అవి ప్రతి స్త్రీ దేహంలోనూ ఉంటాయి. అండాశయాలూ అడ్రినల్ గ్రంథులూ కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటాయి. అవి మోతాదు మించినా, మించకుండానే రోమకూపాలు వాటికి అతిగా స్పందించినా నూగు ముదురుతుంది. రెండవది నా సంగతి. మా నాయనమ్మకూ మేనత్తకూ ఉన్నదే నాకూ వచ్చింది. పసితనంలో నాయనమ్మ నలుగుపిండితో రుద్దిరుద్ది ఒళ్ళు ఎర్రబడేదట. ఒక్క వెంట్రుకా పోలేదు.

మా అక్క కూతురిది మొదటి రకం. పదహారో ఏట గడ్డం కింద మొదలైంది. మాకూ అలాగే ఉండేది కదా అని నేనే ధైర్యం చెప్పాను. పదిహేను రోజులకొకసారి పార్లరు, త్రెడింగు. బ్లేడు పెడితే ముతకగా పెరుగుతుందని ఇంట్లో ఒక వాదం. నిజానికి తెగిన కొస మొద్దుగా ఉండి గరుకుగా తగులుతుందే తప్ప లోపలి కుదురులో ఏ మార్పూ రాదు. పిల్ల బరువు పెరిగితే తిండి తగ్గించమన్నాం. మెడ వెనక నల్లబడితే సరిగ్గా రుద్దుకోవటం లేదని తిట్టాం. ఈ మూడూ ఒకే తీగకు కాసిన కాయలని మాకు తోచలేదు.

ఆ తీగ పేరు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు 1935లోనే దీన్ని వర్ణించారు. హిర్సుటిజం ఉన్నవారిలో ఎక్కువమందికి ఇదే మూలం. దేహం ఇన్సులిన్‌కు సరిగా లొంగకపోతే మరింత ఇన్సులిన్ ఊరుతుంది; ఆ అధికమే అండాశయాలను ఎగదోసి ఆండ్రోజెన్లను పెంచుతుంది, మెడనూ నల్లబరుస్తుంది. పట్టించుకోకపోతే మున్ముందు సంతానానికి ఇబ్బంది, మధుమేహం వచ్చే అవకాశమూ ఎక్కువ. అరుదుగా గ్రంథుల్లో కణితి వల్లా ఇలా జరుగుతుంది. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు దట్టమై గొంతు బొంగురుపోతే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

తీయించుకోవటాన్ని నేను తప్పుపట్టను, నేనూ తీయించుకుంటాను. మాత్రలు పనిచేస్తున్నదీ లేనిదీ తెలియటానికే ఆరు నెలలు పడుతుంది, అంతవరకూ పిల్ల కాలేజీకి వెళ్ళాలి కదా. కానీ పత్రికల సౌందర్య పేజీలు వీటికి ‘అవాంఛిత రోమాలు’ అని పేరు పెట్టి, శనగపిండీ పసుపూ చెప్పి ఊరుకోవటం నాకు మింగుడుపడదు. ఆ పేజీలు చదివే మేము మూడేళ్ళు పోగొట్టుకున్నాం.

చివరికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మొదట అడిగింది వెంట్రుకల గురించి కాదు. “నెలసరి ఎన్నాళ్ళకొకసారి వస్తోందమ్మా?” అంది. అక్క నా వైపు చూసింది. మూడేళ్ళు వంతులేసుకుని పార్లరుకు తీసుకెళ్ళిన మా ఇద్దరికీ జవాబు తెలియదు. పిల్లే చెప్పింది, తల వంచుకుని, “నాలుగు నెలలైంది” అని.