పల్లాకు చేలో మిత్రపురుగు

పెసర, మినుము ఆకుల మీద చిన్న పసుపు మచ్చలతో మొదలై చేనంతా పసుపుబారిపోయే జబ్బును ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పల్లాకు తెగులు అంటారు. ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయాచిక్కుడుకూ ఇదే బెడద. కారణం వైరస్, దాన్ని మోసేది తెల్లదోమ. తెగులు మీద చర్చ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. తెల్లదోమను తిని బతికే మిత్రపురుగు లెక్కలోకే రాదు.

దాన్ని చూడాలంటే ఆకు తిప్పాలి. తెల్లదోమ పిల్లలు అడుగున కదలకుండా అతుక్కుని రసం పీలుస్తుంటాయి. మిల్లీమీటరు పొడవైనా ఉండని ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి వాటిలో గుడ్డు పెడుతుంది, దాని పిల్ల దోమ పిల్లను లోపలే తిని పెరుగుతుంది. మిగిలిన ఖాళీ గుల్లను భూతద్దంతో చూస్తే జరిగింది తెలిసిపోతుంది. దోమ బయటికొస్తే గుల్ల ‘టి’ ఆకారంలో చీలుతుంది. పరాన్నజీవి వస్తే గుండ్రటి రంధ్రం పడుతుంది.

మొక్కల వైరస్ ఈ మిత్రపురుగుకు జబ్బు చేయదు, దాని తిండిని మారుస్తుంది. వైరస్ సోకిన మొక్క రంగు, వాసన, రసం మారతాయి. కుకుంబర్ మొజాయిక్ వైరస్ సోకిన గుమ్మడి జాతి మొక్కలు వాసనతో పేనుబంకను రప్పిస్తాయని, రసం నచ్చక అది త్వరగా వెళ్లిపోతుందని 2010లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు. ఆ వైరస్‌కు కావలసిందీ అదే. క్షణాల్లో నోటికి అంటుకుని పక్క మొక్కకు చేరిపోతుంది. పేనుబంక గుంపు కట్టని చోట దాన్ని తినే అక్షింతల పురుగుకు ఆకలే మిగులుతుంది. పల్లాకు వైరస్ దారి వేరు. అది దోమ కడుపులోంచి లాలాజలానికి చేరాలి, అందుకు దోమ నిలకడగా పీల్చాలి. ఇలాంటి వైరస్‌లు చాలాసార్లు మొక్కను పురుగుకు అనువుగా మారుస్తాయి. పురుగు పెరిగితే మిత్రపురుగుకు మేలే అనుకోలేం. బార్లీ పసుపు మరుగుజ్జు వైరస్‌ను మోసే పేనుబంకలో పరాన్నజీవి పెరుగుదల ఆలస్యమైనట్టు పరిశోధకులు గమనించారు.

మరో చిక్కుంది. మిత్రపురుగు తగలగానే పేనుబంక బెదిరి పక్క మొక్కకు పోతుంది, వైరస్‌నూ వెంట తీసుకుపోతుంది. కాబట్టి మిత్రపురుగులను వదిలితే చాలనుకోవడం సరికాదు. మందు మీదే భారం వేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. పసుపెక్కిన మొక్కను ఏ పిచికారీ బాగుచేయదు. సింథటిక్ పైరెథ్రాయిడ్లు పదేపదే కొడితే మిత్రపురుగులు చస్తాయి, తెల్లదోమ తట్టుకుని మళ్లీ విజృంభిస్తుంది.

తెగులును తట్టుకునే మినుము రకం పీయూ 31, పెసర రకం డబ్ల్యూజీజీ 42, విత్తనశుద్ధి, చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరుసలు, తొలిదశలోనే రోగి మొక్కలు పీకేయడం. ఇవి మిత్రపురుగును చంపకుండా వైరస్‌ను అడ్డుకునే పనులు. జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన స్థానం నుంచి ఊరి వ్యవసాయ విస్తరణ అధికారి దాకా, పిచికారీ సలహా ఇచ్చేముందు ఆకు తిప్పి గుల్లలు లెక్కపెట్టే అలవాటు రావాలి. గుండ్రటి రంధ్రాలే ఎక్కువ కనిపించిన చేలో మందు డబ్బా మూత తీయొద్దు.