కన్ను దగ్గర, కాలు దూరం

కోల్‌కతాలో ఏక్‌బాల్‌పూర్ ఇరుకైన పేట. ఒకపక్క ఖిదిర్‌పూర్ రేవు, మరోపక్క అలీపూర్ బంగళాలు, మధ్యలో డైమండ్ హార్బర్ రోడ్డు రద్దీ. మేడ మీద మేడ, గోడ పక్కనే గోడ. నేల మీద లేని విశాలమంతా ఆకాశంలో ఉంది. అక్కడ రోజంతా గద్దలు గిరికీలు కొడుతుంటాయి. అలీపూర్ జూ నడిచిపోయేంత దూరంలోనే ఉంది. నదికి ఆవల, హౌరా జిల్లాలో శాంత్రాగాఛీ చెరువు ఉంది. అక్కడికి శీతాకాలంలో బాతులు వేల సంఖ్యలో వస్తాయి. పక్షుల ఫొటోలు తీసే సరదా ఉన్నవారికి ఇంతకంటే ఏం కావాలి? దుకాణదారుడు చెప్పే జవాబు ఒకటే: పెద్ద లెన్స్ కావాలి.

ఆ పెద్ద లెన్స్ ఇప్పుడు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. ఒకప్పుడు 600 ఎంఎం అంటే పత్రికా ఫొటోగ్రాఫర్లకో, సంపన్నులకో మాత్రమే సాధ్యమయ్యే వస్తువు. 2014లో ట్యామ్రాన్ కంపెనీ 150-600 జూమ్‌ను మార్కెట్లోకి తెచ్చాక ఆ గోడ కూలింది. వెంటనే సిగ్మా అదే కొలతలో రెండు రకాలు తెచ్చింది. 2015లో నికాన్ 200-500, 2019లో సోనీ 200-600, 2023లో నికాన్ 180-600, కెనాన్ 200-800 వరుస కట్టాయి. వాయిదాల మీదైనా కొనగలిగే ధరలో వచ్చేసరికి ఆదివారం ఉదయం చెరువు గట్ల మీద ఫిరంగుల బారులు కనిపించసాగాయి.

ఈ లెన్సుల్లో చాలావాటి బరువు రెండు కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సిగ్మా ‘స్పోర్ట్స్’ రకమైతే 2.86 కిలోలు. కెమెరా కూడా కలిస్తే మూడు కిలోలు దాటుతుంది. బజారులో మూడు కిలోల కూరగాయల సంచి బరువనిపించదు. అదే బరువును కంటికి ఎదురుగా ఎత్తి, కదలకుండా రెండు నిమిషాలు పట్టుకోమంటే భుజం మొరాయిస్తుంది.

ఇంత బరువు ఎందుకు? కారణం సులువైన భాగహారంలో ఉంది. లెన్స్ మీద ఎఫ్/6.3 అని రాసి ఉంటే, 600ని 6.3తో భాగించాలి. వచ్చేది 95. అంటే ఆ లెన్సులోకి వెలుతురు వచ్చే ద్వారం 95 మిల్లీమీటర్లు. ముందు అద్దం కనీసం అంత వెడల్పు ఉండాల్సిందే. ఎఫ్/4 కావాలంటే ఆ ద్వారం 150 మిల్లీమీటర్లవుతుంది. బరువూ ధరా రెండూ మరో అంతస్తుకు చేరతాయి. ఇందులో తయారీదారు పిసినారితనం లేదు. అద్దం చిన్నదైతే వెలుతురు తగ్గుతుంది, అంతే. ఈ లెక్కను అంచుదాకా లాగితే ఏమవుతుందో 2008లో సిగ్మా చూపించింది. 200-500 ఎంఎం, ఎఫ్/2.8 జూమ్ తయారుచేస్తే అది దాదాపు 16 కిలోలు తూగింది. మోయడానికి తోడుగా మనిషి కావాలి.

చవక జూమ్‌లో తగ్గిన వెలుతురుకు మూల్యం మరోచోట చెల్లించాలి. ఎఫ్/4 లెన్సుతో పోలిస్తే ఎఫ్/6.3లో వచ్చే వెలుతురు రెండున్నర రెట్లు తక్కువ. డిసెంబర్ ఉదయం బెంగాల్ మంచులో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇక వణుకు సంగతి. మామూలు 50 ఎంఎం లెన్సుతో పోలిస్తే 600 ఎంఎం పక్షిని పన్నెండు రెట్లు పెద్దది చేస్తుంది. చేతి వణుకునూ పన్నెండు రెట్లు చేస్తుంది. అందుకే సెకనులో ఆరువందలో వంతు కంటే నెమ్మదిగా షట్టర్ వాడొద్దని పాత సూత్రం. ఎగిరే పక్షికి రెండువేలో వంతు దాకా పోవాలి. లెన్స్‌లోని వణుకు నివారణ ఏర్పాటు మన చేతిని సరిదిద్దుతుంది కానీ పక్షి రెక్కను ఆపలేదు. ఈ తేడా తెలియక ఎందరో మసక బొమ్మలు చూసి లెన్సును తిట్టుకుంటారు.

బరువును ఎదుర్కొనే చిట్కాలకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఎడమ అరచేయి లెన్సు కింద ఉండాలి, మోచేయి ఛాతీకి ఆనాలి. భుజానికి వేలాడదీసేటప్పుడు పట్టీని కెమెరాకు కాక లెన్సు మెడలోని కాలర్‌కు తగిలించాలి. లేకపోతే రెండు కిలోల బరువంతా కెమెరా మూతి మీద పడుతుంది. ఒంటికాలి స్టాండ్ ఉంటే గంటసేపు నిలబడవచ్చు. పిట్టగోడ దొరికితే మినుములో బియ్యమో నింపిన గుడ్డసంచి చాలు, లెన్సు అందులో కుదురుకుని కూర్చుంటుంది. మెడనొప్పి వచ్చాక డాక్టర్‌కిచ్చే ఫీజు కంటే ఇది చవక.

అసలు చిక్కు బరువుతో కాదు, దూరంతో. 600 ఎంఎం చేతికొస్తే ఎంత దూరంలోని పక్షి అయినా ఒళ్లో వాలుతుందని కొత్తవారి నమ్మకం. లెక్క వేసి చూద్దాం. నలభై సెంటీమీటర్ల బాతు యాభై మీటర్ల దూరంలో ఉంటే, 600 ఎంఎం లెన్సు దాన్ని కెమెరా లోపలి సెన్సార్ మీద ఐదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ సైజులో చూపిస్తుంది. ఆ సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే బొమ్మ వెడల్పులో బాతు వాటా ఏడో వంతు కంటే కాస్త తక్కువే. వంద మీటర్లలో ఉంటే పదిహేనో వంతు. పైగా మధ్యలో గాలి ఉంది. శీతాకాలపు కోల్‌కతాలో పొగ, మంచు, దుమ్ము కలిసి తెర కడతాయి. ఎండెక్కాక నీటి మీద నుంచి వేడి గాలి లేచి దృశ్యం అలలు అలలుగా ఊగుతుంది. ఎన్ని లక్షలు పోసినా గాలిని తుడిచే లెన్సు ఇంకా రాలేదు. ఆ పక్షి దగ్గర ఉన్నప్పుడు తీసిందే మంచి బొమ్మ.

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. పక్షి దగ్గరకొచ్చేదాకా కూర్చోవడం ఒక దారి. పక్షి దగ్గరకు మనమే పోవడం రెండో దారి. మొదటి దానికి ఓపిక కావాలి, రెండో దానికి కాళ్లు చాలు.

ఒకప్పుడు ఫొటోగ్రాఫర్లకు దగ్గరకు పోవడం తప్ప గతిలేదు. ఇంగ్లండ్‌లో రిచర్డ్, చెర్రీ కియర్టన్ సోదరులు 1892లోనే పక్షిగూడును ఫొటో తీశారు. దూరాన్ని లాక్కొచ్చే లెన్సులు లేవు కాబట్టి తర్వాత ఎద్దు ఆకారంలో బోలు బొమ్మ చేయించి, అందులో దూరి పక్షుల దగ్గరకు చేరారు. అప్పట్లో పక్షి ఫొటో అంటే గూడు ఫొటోయే. ఎందుకంటే పక్షి తప్పక తిరిగొచ్చే చోటు అదొక్కటే. పొడుగు లెన్సు వచ్చాక ఆ అవసరం తీరింది. గూటికి పోకుండానే, పిల్లలను బెదరగొట్టకుండానే పక్షిని దాని పనిలో చూసే వీలు కలిగింది. రెండు కిలోల మోత మోసినందుకు దక్కే ప్రతిఫలం నిజానికి ఇదే.

కోల్‌కతా పాఠకులకు ఈ ఓపిక పాఠం చాలాకాలం ఒక మద్రాసు మనిషి చెప్పాడు. ‘ద స్టేట్స్‌మన్’ పత్రికలో ఎం. కృష్ణన్ ‘కంట్రీ నోట్‌బుక్’ శీర్షిక 1950లో మొదలై, 1996లో ఆయన చనిపోయేదాకా సాగింది. ఏనుగులనూ పిట్టలనూ నలుపు తెలుపులో తీయడానికి ఆయన వేర్వేరు భాగాలు కూర్చి ఒక భారీ కెమెరాను సొంతంగా తయారుచేసుకున్నారు. ‘సూపర్ పాండెరోసా’ అని దానికి పేరు కూడా పెట్టారు. బరువు ఆయనకూ ఉంది. ఆయన పేరు నిలబెట్టింది మాత్రం చూపు, నిరీక్షణ.

మన కాలంలో పెద్ద లెన్సులు పెరిగాయి, ఓపిక ఆ లెక్కన పెరగలేదు. ఒక అరుదైన పక్షి ఎక్కడ వాలిందో ఫోన్లలో గంటలో పాకిపోతుంది. మర్నాటికి పాతికమంది చేరతారు. ఒకరు పది అడుగులు ముందుకు జరిగితే, ఆయన వీపు తన ఫ్రేములో పడకుండా మరొకరు పదిహేను అడుగులు జరుగుతారు. గూటికి అడ్డొచ్చిన కొమ్మను వంచేవారూ ఉన్నారు. ఆ కొమ్మే పిల్లలకు ఎండ నుంచి నీడ, కాకి నుంచి చాటు.

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లనూ గూళ్లనూ అలజడి చేయడం కూడా ఉంది. తుపాకీ పట్టినవాడికీ గూటి మీదికి లెన్సు పెట్టుకుని కొమ్మ విరిచినవాడికీ చట్టం ఒకటే మాట వాడింది.

ఎంత దూరంలో ఆగాలో కొలబద్దతో చెప్పలేం. పక్షే చెబుతుంది. ఈకలు దువ్వుకుంటున్న బాతులు పని ఆపి ఒక్కసారిగా మెడలు నిక్కించాయంటే మీరు హద్దు దాటారు. గూట్లోకి రావాల్సిన తల్లి పక్క కొమ్మ మీద కూర్చుని అరుస్తోందంటే అప్పటికే ఆలస్యమైంది. వెనక్కి జరగాలి. జూమ్ ఉన్నది అందుకే.

మనవైపు అనుభవం ఇంకాస్త భిన్నం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్లపైనే గూళ్లు కడతాయి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో ఊరి చెరువే వాటి విడిది. అక్కడ 600 ఎంఎం పెడితే పక్షి మెడ మాత్రమే ఫ్రేములో పడుతుంది, జూమ్‌ను వెనక్కి తిప్పాల్సి వస్తుంది. ఆ పక్షులు అంత దగ్గరగా ఉండటానికి కారణం లెన్సు కాదు, ఊరు. రాళ్లు వేయని పిల్లల మధ్య, కొమ్మలు నరకని పెద్దల మధ్య పక్షి తన హద్దును తానే కుదించుకుంటుంది. పై ఊరి నుంచి కెమెరాతో వెళ్లినవారు ఆ నమ్మకాన్ని అరువు తీసుకుంటున్నారు. చెడగొట్టకుండా తిరిగివ్వాలి.

ఏక్‌బాల్‌పూర్ లాంటి పేటలో మరో చిక్కుంది. డాబా మీద నిలబడి గద్ద వెంట లెన్సు తిప్పుతుంటే, దారిలో పదిళ్ల కిటికీలు దొర్లిపోతాయి. బట్టలారేసే స్త్రీలు, స్నానాల గదుల వెంటిలేటర్లు, పొరుగువారి భోజనాల బల్లలు చేతికందేంత దగ్గరవుతాయి. మీ దృష్టి గద్ద మీదేనని మీకు తెలుసు. అవతలివారికి కనిపించేది తమ వైపు తిరిగిన గొట్టం. స్త్రీలను ఏకాంతంలో చాటుగా చూడటాన్నీ చిత్రించటాన్నీ 2013లో శిక్షాస్మృతి విడి నేరంగా చేర్చింది. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్. చట్టం దాకా పోనక్కర్లేకుండా ఇరుగుపొరుగుకు ముందే చెప్పడం, తీసిన గద్దల బొమ్మలు వారికి చూపించడం తెలివైన పని. రేవు గోడల వైపు అనుమతి లేకుండా లెన్సు ఎత్తకపోవడం మరింత తెలివైన పని. పక్షి విషయంలోనూ మనిషి విషయంలోనూ సూత్రం ఒకటే. ఎదుటివారికి మనం కనిపించనంత దూరం నుంచి చూసే శక్తి వచ్చినప్పుడు, ఎక్కడ చూడకూడదో మనమే నిర్ణయించుకోవాలి.

జూలోని కొలనుకు ఒకప్పుడు ఈల వేసే చిన్న బాతులు శీతాకాలమంతా వేలల్లో వచ్చేవి. బెంగాలీలు వాటిని సరాలి అంటారు. చుట్టూ బహుళ అంతస్తులు లేచాక ఆ రాకపోకలు బాగా తగ్గిపోయాయి. ఇంకా వెనక్కి వెళితే, 19వ శతాబ్దపు కలకత్తాలో మనిషంత ఎత్తున్న బోడితల హర్గిలా కొంగలు వీధుల్లో తిరిగేవి, గవర్నమెంట్ హౌస్ కప్పుల మీద నిలబడేవి. ఆ చనువు కొద్దీ 1896లో నగర కార్పొరేషన్ తన చిహ్నంలో ఇటొకటి అటొకటి నిలబెట్టుకుంది. నేడు ఆ కొంగను చూడాలంటే అస్సాంకో బిహార్‌లోని భాగల్‌పూర్ వైపుకో పోవాలి.

అప్పటి పెట్టె కెమెరాకు హర్గిలా ఎదురుగా నిలబడేది. ఇప్పుడు మన చేతిలో 600 ఎంఎం ఉంది, కలకత్తా వీధిలో హర్గిలా లేదు. పక్షులు జరిగిన కొద్దీ లెన్సులు పొడుగవుతూ వచ్చాయి. మిగిలిన పక్షులు ఇంకా జరగకుండా చూసుకోవడం మన కాళ్ల చేతిలో ఉంది.