పాత బండి - పాఠ పరిశీలన

యంత్రాలకు కూడా మరణానంతర కీర్తి ఉంటుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారు సైకిలు తయారీ 1996లో నిలిచిపోయింది. ఆ తరువాత పుట్టిన యువకులు నేడు హుజూర్‌నగర్‌లోనూ, కోదాడలోనూ, మిర్యాలగూడలోనూ ఆ బండి కోసం అన్వేషిస్తున్నారు. జపాను దేశపు యమహా సంస్థ సహకారంతో ఎస్కార్ట్స్ సంస్థ 1985లో దీనిని మన విపణిలోకి తెచ్చింది. 98 ఘనపు సెంటీమీటర్ల చిన్న ఇంజను, సుమారు 11 అశ్వశక్తి, నూరు కిలోల చుట్టుపక్కల బరువు. ఈ మూడింటి పొందికలోనే దాని వేగరహస్యం దాగి ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 1983లో, అదే సంస్థ విడుదల చేసిన రాజ్‌దూత్ 350 దీనికంటే ఎంతో బలిష్ఠమైనది. కాని దాని పెట్రోలు దాహానికి జడిసి ఆనాడు కొన్నవారు తక్కువ. నేడు ఈ బండ్లకు లక్ష రూపాయలు దాటిన వెల చెప్పినా వినేవారు ఆశ్చర్యపోవడం లేదు.

ఈ మోజును గురించి పెద్దలది ఒక మాట, పిల్లలది ఒక మాట. పాత ఇనుముకు లక్షలు పోయడం అవివేకమని పెద్దలు అంటారు. ఆ చప్పుడు ఒక్కటి చాలునని పిల్లలు అంటారు. నాకు ఈ రెండు మాటలూ సమ్మతం కావు. కాలం గడిచినా వన్నె తగ్గని పనితనాన్ని ఇష్టపడడం అవివేకమైతే, ప్రాచీన కావ్యాలు చదవడమూ అవివేకమే కావలసి వస్తుంది. అయితే ఇష్టపడిన వస్తువును పరీక్షించకుండా కొనడం ఇష్టానికి నిదర్శనం కాదు. మక్కువ ఎక్కువైన చోట పరీక్ష మరింత కఠినంగా ఉండాలన్నది నా అభిప్రాయం.

మన ప్రాంతంలో ఇది కేవలం వినోదానికి సంబంధించిన చర్చ కాదు. వరి కోతలు పూర్తయి, ధాన్యం మిల్లుకు చేరి, డబ్బు చేతికి వచ్చే రోజుల్లోనే ఈ బేరాలు ఎక్కువగా సాగుతాయి. కొడుకు పట్టుదలను కాదనలేక, ఎరువుల బాకీ తీర్చవలసిన సొమ్మును బండికి మళ్లించిన తండ్రులు నాకు తెలుసు. అట్లా కొన్న ఒక బండి విషయంలో, పేరు మార్పిడికి వెళ్లిన నాడు ఇంజను మీది అంకెలకూ సి-బుక్కులోని అంకెలకూ పొత్తు కుదరలేదు. అమ్మినవాడు అప్పటికే ఫోను ఎత్తడం మానేశాడు. బండి చూడముచ్చటగానే ఉంది. దానిని రోడ్డు మీదికి తీసే హక్కు మాత్రం వారికి లేదు. ఆ తండ్రి దానిని పశువుల కొట్టంలో గోనెపట్టా కప్పి ఉంచాడు.

ప్రాచీన గ్రంథాలను పరిష్కరించే పండితునికి ఇటువంటి చిక్కు కొత్త కాదు. ఒక కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికాయనుకుందాం. వాటిలో అందంగా, నిరాటంకంగా చదువుకోదగిన ప్రతియే మంచి ప్రతి అని చెప్పలేం. అర్థంకాని చోట లేఖకుడు తనకు తోచిన పదం పెట్టి నునుపు చేసి ఉండవచ్చు. పురుగు తిన్న ప్రతిలో కొన్ని అక్షరాలు పోయినా, మిగిలినవి కవి వ్రాసినవే కావచ్చు. సి.పి. బ్రౌను దొర (1798-1884) ప్రతులు సేకరించి, పండితులను నియమించి, పాఠాంతరాలను ఒకదానితో ఒకటి సరిచూపించినది ఇందుకే. పాత బండి కూడా అటువంటి ప్రతియే. దాని మీద ఎందరో చేయి చేసుకున్నారు. కొన్ని భాగాలు తీశారు, కొన్ని చేర్చారు. ఏది మూలం, ఏది ప్రక్షిప్తం అని తేల్చుకోవడమే కొనేవాని పని. అమ్మేవాడు చెప్పే కథ అందుకు ప్రమాణం కాదు. డాక్టరు గారు వాడిన బండి అనీ, ఒకే చేతి మీద నడిచిందనీ ప్రతి బండిని గురించీ చెబుతారు. మన జిల్లాలో ఇన్ని బండ్లు నడిపిన డాక్టర్లు ఎప్పుడున్నారో!

కొనేవారు సాధారణంగా ముందు మెరుపు చూస్తారు, తరువాత చప్పుడు వింటారు, చిట్టచివరకు కాగితాలు అడుగుతారు. ఈ వరుసను తలకిందులు చేయాలి. సాహిత్యంలో వలెనే ఇక్కడ కూడా మొదటిది కాలనిర్ణయం. 1996లో తయారీ ఆగిన బండిని ఎవరైనా '2001 మోడల్ ఆర్‌ఎక్స్ 100' అని చెబితే, అది కాకతీయుల కాలపు కావ్యంలో రైలుబండి వర్ణన కనిపించినట్లే. తరువాత వచ్చిన 135ను 100గా చూపుతున్నారో, వేరొక బండి కాగితాలను దీనికి అంటగట్టారో విచారించాలి. నంబరు పలక కూడా చరిత్ర చెబుతుంది. 'ఏపీ 24' అంటే పూర్వపు నల్లగొండ జిల్లా బండి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత నల్లగొండకు 'టీఎస్ 05' వచ్చింది. 2016లో హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలో చేరాక 'టీఎస్ 29' అయింది. 2024 నుంచి కొత్త బండ్లకు 'టీజీ' అక్షరాలు. వేరే రాష్ట్రపు అక్షరాలు కనిపిస్తే అక్కడి రవాణా శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం చూపమనాలి. సొంత వాహనానికి తొలి రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. కాబట్టి ఈ జాతి బండ్లన్నిటికీ ఆ గడువు ఎన్నడో తీరింది. పునరుద్ధరణ ముద్ర లేని సి-బుక్కు ఉన్నా లేనట్లే.

చాసిస్ నంబరు హ్యాండిలు మెడ వద్ద, ఇంజను నంబరు ఇంజను పెంకు మీద చెక్కి ఉంటాయి. మట్టి, జిడ్డు తుడిచి, పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదికి దిగుతాయి. వాటిని సి-బుక్కుతో అక్షరం అక్షరం పోల్చాలి. అంకెల చుట్టూ ఆకురాయి గీతలున్నా, ఒక అంకె లోతుగా, మరొకటి పైపైన ఉన్నా అక్కడే ఆగిపోవాలి. పేరు మార్పిడి కొన్నవారికే కాదు, అమ్మినవారికీ అవసరం. ఒక కారు వరుసగా పలువురి చేతులు మారినా, రిజిస్టరులో పేరు మారనందున ప్రమాదానికి నష్టపరిహారం రిజిస్టరులోని యజమానే చెల్లించాలని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది.

కాగితాలు సరిపోయిన తరువాతనే బండి దగ్గరకు పోవాలి. కొత్త రంగు వేసిన పాత బండిని నేను తేలికగా నమ్మను. రంగు వేయడం నేరం కాదు. అయితే అది సాక్ష్యాన్ని కప్పివేస్తుంది. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ట్యాంకు మీద నడిపితే, ఇనుమున్న చోట అంటుకుంటుంది, లప్పం పూసిన చోట జారిపోతుంది. మూత తీసి టార్చిలైటు వేసి లోపలి తుప్పు చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడబోయే సాహసులకు నా దండం. మెడ వద్దా, సీటు కిందా కనిపించే వెల్డింగు అతుకులు గతంలో జరిగిన ప్రమాదాన్ని పట్టిస్తాయి. బండిని నిటారుగా నిలిపి, వెనుక పదడుగుల దూరంలో కూర్చుని చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

ఇక ఇంజను. మొదట దాని మీద అరచేయి ఉంచాలి. వెచ్చగా తగిలితే, మనం రాకముందే దానిని నడిపి సిద్ధం చేశారని అర్థం. చల్లారే దాకా వేచి ఉండి, చల్లని ఇంజనునే స్టార్టు చేయించాలి. ఇది టూ స్ట్రోకు ఇంజను. ఇందులో ఇంజనాయిలు పెట్రోలుతో పాటు మండుతుంది కనుక మొదట కొంత పొగ సహజం. వేడెక్కిన తరువాత కూడా దట్టమైన పొగ ఆగకపోతే, లోపలి సీలు అరిగి గేరుబాక్సు నూనె కూడా మండుతున్నదని అనుమానించాలి. మాగ్నెటో వైపు సీలు పోతే అదనపు గాలి చొరబడి, యాక్సిలరేటరు వదిలినా ఇంజను వేగం దిగిరాదు. కిక్కు రాడ్డును మెల్లగా తొక్కినప్పుడు గట్టిగా ఎదురు తిరగాలి. మెత్తగా దిగిపోతే పిస్టను రింగులో, సిలిండరో అరిగినట్లు.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న నూనె పంపును గురించి. ఈ బండికి నూనె కోసం విడిగా చిన్న ట్యాంకు, ఆ నూనెను ఇంజనుకు పంపే పంపు ఉన్నాయి. కాలక్రమంలో చాలామంది ఆ పంపును తీసివేయించి, నూనెను పెట్రోలులోనే కలిపి పోస్తున్నారు. అది తప్పు కాదు. కాని ఆ సంగతి కొనేవానికి చెప్పకపోతే, అతడు వట్టి పెట్రోలు పోసి బయలుదేరుతాడు. నూనె అందని పిస్టను వేడెక్కి సిలిండరుకు పట్టేస్తుంది. వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. సిమెంటు లారీలు తిరిగే మన రోడ్ల మీద, వేగంలో ఉండగా అట్లా జరిగితే ఫలితం ఏమిటో చెప్పనక్కరలేదు. ఒక్క మాట దాచిపెట్టడం వల్ల నిండు ప్రాణం పోవచ్చు.

యంత్రబలాన్ని మనం నేటికీ అశ్వశక్తితోనే కొలుస్తున్నాం. పూర్వులకు అశ్వపరీక్ష ఒక శాస్త్రం. మనుమంచి భట్టు హయలక్షణ విలాసం తెలుగులో ఆ విద్యకు సంబంధించిన గ్రంథమే. భారతంలోని నలోపాఖ్యానంలో, ఋతుపర్ణ మహారాజును ఒక్క రోజులో విదర్భకు చేర్చవలసి వచ్చినప్పుడు, బాహుకుని రూపంలో ఉన్న నలుడు శాలలోని బలిసిన గుర్రాలను విడిచి బక్కచిక్కిన వాటిని ఎన్నుకుంటాడు. రాజు సందేహిస్తాడు. నలుడు వాటి శరీరం మీది సుడులను, పుట్టిన దేశాన్ని గుర్తించి ఎన్నుకున్నాడు. రాజు చూసినది కండను మాత్రమే. మన వీధుల్లో బేరమాడేవారిలో ఋతుపర్ణులే అధికం. తుప్పు మరకలున్నా అంకెలు కుదిరి, అసలు సిలిండరుతో నడిచే బండిని కాదని, 135 సిలిండరు బిగించి, సైలెన్సరులోని జాలీ పీకి, గర్జించేట్లు చేసిన దానికి ఎక్కువ వెల ఇస్తారు. అనుమతి లేకుండా ఇంజను మార్చడం చట్టవిరుద్ధమని వారికి ఎవరూ చెప్పరు.

ఈ పాఠం చదివే విద్యార్థుల్లో పలువురికి 18 ఏళ్లు నిండి ఉండవు. గేర్ల బండికి అంతకు ముందు లైసెన్సు రాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది. పైగా ఈ బండికి ఉన్నవి పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. వేగం అందుకున్నంత సులభంగా అది ఆగదు.

ఆర్‌ఎక్స్ 100ను చీకట్లో సైతం విప్పి బిగించగల పాత మెకానిక్కులు మన పట్టణాల్లో ఇంకా ఉన్నారు. ఒక పూట కూలి ఇచ్చి అటువంటి వారిని వెంట తీసుకుపోవాలి. పరీక్ష పగటి వెలుగులో జరగాలి. బయానా అంతవరకు జేబులోనే ఉండాలి. మెకానిక్కును తీసుకురావద్దని అమ్మేవాడు అంటే, ఇంజను మీద చేయి వేసి చూడవలసిన అవసరం కూడా లేదు, వచ్చిన బస్సులోనే తిరిగి రావచ్చు.