గ్రాఫ్ చూపించండి, ప్లాన్ తర్వాత అమ్ముదురు

మార్కాపురమైనా, కంభమైనా, గిద్దలూరైనా రాత్రి ఎనిమిది దాటితే ఇంటర్నెట్ ఆపరేటర్లకు వచ్చే ఫోన్లన్నీ ఒకటే: "అన్నా, నెట్ రావట్లా." జవాబూ ఒకటే: "రౌటర్ ఒకసారి ఆపి వేయండి." ఆపి వేస్తే రెండు నిమిషాలు బాగానే ఉన్నట్టుంటుంది. మళ్లీ మ్యాచ్ ఆగిపోయి తెర మీద గుండ్రం తిరుగుతుంది. మర్నాడు పొద్దున ఆరింటికి చూస్తే వందకు వంద ఎంబీపీఎస్! పొద్దున వచ్చేది రాత్రి రావడం లేదంటే తప్పు మీ ఇంట్లో పెట్టెది కాకపోవచ్చు. చాలాసార్లు ఆపరేటర్ గదిలో ఉన్న పెద్ద రౌటర్ దగ్గరో, దాని వెనక లింకులోనో ఉంటుంది.

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ, ఫోను అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. ప్రైవేటు కంపెనీలూ పోటీకి దిగాయి. ఇప్పుడు ఊళ్లో ఏ వీధిలో చూసినా తీగలే. ఇవాళ్టి కొరత తీగది కాదు, దాని వెనకాల కొన్న బ్యాండ్‌విడ్త్‌ది.

వెలిగొండ నీటి ప్రాజెక్టునే చూడండి: మొదటి సొరంగం 3,000 క్యూసెక్కులకు, రెండోది 8,500 క్యూసెక్కులకు రూపకల్పన చేశారు. కింద కాలువలు ఎంత వెడల్పు తవ్వినా సొరంగంలో పట్టేదానికి మించి చుక్క రాదు. మన వైపువాళ్లకు ఇంతకంటే విప్పి చెప్పక్కర్లేదు. ఊళ్లోకి వచ్చే లింకు పెంచకుండా ఇంటింటికీ 200 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మడం సరిగ్గా అలాంటి పనే.

పంచుకోవడం మోసమేమీ కాదు. ఇళ్లకు ఫైబర్ పంచే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ మీద వచ్చేది దాదాపు 2.5 గిగాబిట్లు. దాన్ని 64 ఇళ్లకు చీలిస్తే, అందరూ ఒకేసారి లాగిన రోజు ఇంటికి దక్కేది 39 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి లాగరన్న నమ్మకం మీదే ప్రపంచమంతా ఈ వ్యాపారం నడుస్తోంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2009లో ఇళ్లకైతే 50 మందికి, వ్యాపారాలకైతే 30 మందికి మించి ఒకే బ్యాండ్‌విడ్త్ పంచొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. పంచుకోండి గానీ, హద్దు దాటొద్దని దాని అర్థం.

హద్దు ఎక్కడ దాటిందో కనిపెట్టడం బ్రహ్మవిద్యేం కాదు. ఆపరేటర్ మెయిన్ రౌటర్‌లో ట్రాఫిక్ గ్రాఫ్ తెరవాలి. గీత లేస్తూ పడుతూ పోతుంటే లింకులో ఇంకా చోటుంది. ఎనిమిదింటికి పైకి లేచి, పదకొండు దాకా ఒకే మట్టాన సాఫుగా సాగితే అక్కడ గోడ తగిలింది. ఆ మట్టం ఎంతో చదవాలి. గిగాబిట్ పోర్టు మీద 950 ఎంబీపీఎస్ దగ్గర ఆగితే పోర్టే నిండింది. 600 దగ్గరే ఆగితే పైకంపెనీ దగ్గర కొన్నదే అంత, లేదా రౌటర్‌కు లైసెన్సు తాళం ఉంది. ఉదాహరణకు సిస్కో ఐఎస్ఆర్ 4321 రౌటర్ మామూలుగా 50 ఎంబీపీఎస్‌కే పరిమితం. డబ్బు కట్టి మరో లైసెన్సు తెచ్చుకుంటే అదే పెట్టె 100 ఇస్తుంది.

గీత ఎక్కడా గోడకు తగలకుండానే వేగం పడిపోతే సీపీయూ చూడాలి. మొత్తం మీద 30 శాతమేనని చూపించి మభ్యపెడుతుంది. కోర్లవారీగా విప్పితే వాటిలో ఒకటి నూరు శాతం దగ్గర సతమతమవుతూ కనిపిస్తుంది. ప్రతి కస్టమర్‌కూ ఒక క్యూ, ఫైర్‌వాల్ రూళ్లు, అడ్రసులు మార్చే నాట్ అన్నీ దాని నెత్తినే. పెట్టె మీద అచ్చేసిన పెద్ద అంకె సాధారణంగా పెద్ద ప్యాకెట్లతో కొలిచింది. 1,500 బైట్లవైతే సెకనుకు 81 వేల ప్యాకెట్లతో గిగాబిట్ నిండుతుంది. చిన్నవి, అంటే 64 బైట్లవైతే 14.88 లక్షలు కావాలి. చాకిరీ ప్యాకెట్ల లెక్కన పెరుగుతుంది.

తర్వాత ఎర్రర్ కౌంటర్. ఫైబర్‌లో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. మార్కాపురంలా పలకల పొడి ఎగిరే ఊళ్లో మూత పెట్టకుండా వదిలేసిన కనెక్టర్ మీద ఒక్క రేణువు పడ్డా చాలు. ప్యాకెట్లు చెడిపోయి చేరుతున్నాయని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే ముందు కనెక్టర్ తుడవండి, కొత్త రౌటర్ తర్వాత కొనొచ్చు.

ప్లాన్ దగ్గర వేసే కోత కూడా చూడాలి. వంద ఎంబీపీఎస్ ప్లాన్‌లో వంద దాటిన ప్యాకెట్‌ను అక్కడికక్కడే పారేస్తే పోలిసింగ్, కాసేపు వరుసలో నిలబెట్టి పంపితే షేపింగ్. పారేసినప్పుడల్లా అవతలి సర్వర్ వేగం తగ్గించుకుంటుంది. కాసేపు హద్దు దాటనిచ్చే బర్స్ట్ మరీ చిన్నగా పెట్టారంటే వంద కట్టినవాడికి అరవై కూడా రాకపోవచ్చు. ఆ అంకె సవరించడానికి పైసా ఖర్చు లేదు.

అన్నీ ఆపరేటర్ మీదికే నెట్టడమూ న్యాయం కాదు. ఇంట్లో ల్యాన్ తీగలో నాలుగు పోగులే కలిస్తే ఎంత ప్లానైనా వంద దాటదు. గిద్దలూరులో కూర్చుని అమెరికా సర్వర్ మీద పనిచేసేవాళ్లకు ప్యాకెట్ పోయి రావడానికే పావు సెకను పడుతుంది. పాత వీపీఎన్ ప్రతి 64 కిలోబైట్లకూ రసీదు కోసం ఆగేదైతే 2 ఎంబీపీఎస్ దగ్గరే బండి నిలుస్తుంది. కాబట్టి ఫిర్యాదు చేసే ముందు వైఫై వదిలి, తీగతో ల్యాప్‌టాప్ కలిపి, పొద్దున ఆరింటికీ రాత్రి తొమ్మిదికీ వేగం కొలిచి పెట్టుకోండి.

రద్దీ వేళ లింకు వాడకం 80 శాతం లోపే ఉండాలని, 90 దాటితే నెలలోపు సామర్థ్యం పెంచాలని ట్రాయ్ 2006లోనే రాసింది. 2024 అక్టోబర్ నుంచి కొత్త నిబంధనలు వచ్చినా ఆ లెక్కలోని న్యాయం పాతబడలేదు. మన ప్రాంతంలో నెట్ అమ్మే ప్రతి ఆపరేటర్ రాత్రి తొమ్మిది గంటల గ్రాఫ్‌ను నెలకోసారి ఆఫీసు గోడకు అంటించాలి. అడిగినా చూపించనివాడి దగ్గర పెద్ద ప్లాన్ కొనకండి.

— గుండ్లకమ్మ