నలభై నిండితే పన్ను లేదు!

బ్రిటన్‌లో కారుకి నలభై ఏళ్లు నిండితే రోడ్డు పన్ను కట్టక్కర్లేదు. బుల్లి మోరిస్ మైనరైనా, రాజాలాంటి రోల్స్‌రాయిస్ అయినా ఒకటే లెక్క. కిరాయికి తిప్పకుండా ఉంటే చాలు.

ఈ వెసులుబాటు 1995లో బడ్జెట్‌లో వచ్చింది. అప్పట్లో పాతికేళ్లు దాటితే సరిపోయేది. తర్వాతి ప్రభుత్వం 1973కి ముందు తయారైనవాటికే అంటూ గీత గీసేసింది. ఇంకేముంది, 1972 డిసెంబరులో పుట్టిన కారుకి సున్నా, నెల తర్వాత అదే ఫ్యాక్టరీలోంచి వచ్చిన దాని తమ్ముడికి పూర్తి పన్ను! ఏళ్లతరబడి సాగిందీ వింత. 2014 బడ్జెట్‌లో నలభై ఏళ్ల లెక్క పెట్టాక, ఆ గీత ఏటా ముందుకు జరుగుతోంది.

పాత కార్లు షెడ్డులోంచి బయటికొచ్చేదే తక్కువ, వాటిని కాపాడేవాళ్లని ప్రోత్సహించాలిగా అంటారు అభిమానులు. నిజమే. కానీ రోజూ ఆఫీసుకి వేసుకెళ్లినా మినహాయింపు పోదే! పదిహేనేళ్ల సెకండ్‌హ్యాండ్ కారుతో నెట్టుకొచ్చే చిరుద్యోగి మాత్రం పన్ను కట్టాల్సిందే. 2025 ఏప్రిల్ నుంచి పొగ వదలని ఎలక్ట్రిక్ కార్లకీ పన్ను వేశారు. పొగ గుప్పుగుప్పున వదిలే ముసలి బండికి మాత్రం మాఫీ! వయసుని కాకుండా తిరిగిన మైళ్లని చూస్తే ఈ పేచీ సగం తీరేది.

మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు అచ్చంగా అలా కాకపోయినా ఆ దారిలోవే. బండికి యాభై ఏళ్లు దాటాలి, రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు కట్టాలి. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తీసుకెళ్లొచ్చు. కూరగాయలకి మాత్రం వేరే బండి చూసుకోవాల్సిందే.