ఎండ మీద పెట్టిన కేసు

మే నెలలో పాత ప్రీమియర్ పద్మినిలో కర్నూలు నుంచి కడపకు బయల్దేరి, ఆళ్లగడ్డలో టీకి ఆపారనుకోండి. తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. చుట్టూ చేరినవాళ్ల మాట ఒకటే: "ఎండకు పంపులో ఆవిరి పట్టిందన్నా, తడిగుడ్డ వెయ్యి." అందుకున్నాక స్లో స్పీడు నిలబడక బండి వణికితే రెండో తీర్పు: "కార్బరేటర్ విప్పాల." కర్నూలు పాతబస్టాండు దగ్గరైనా, కడప ఏడురోడ్ల దగ్గరైనా ఇవే మాటలు. ఒకప్పుడు మద్రాసు పక్కన షోలవరంలో రేసులాడిన ఫియట్ల జాతి ఇది. దాని జబ్బులన్నీ మన ఎండకే రాసిచ్చేయడం నాకు సబబుగా తోచదు.

ముందు తడిగుడ్డ సంగతి. గుడ్డ పంపు మీద వేసి, టీ తాగి, కబుర్లాడి, ఇరవై నిమిషాలకు సెల్ఫ్ కొడితే బండి అందుకుంటుంది. పేరు గుడ్డకొస్తుంది. ఆ ఇరవై నిమిషాల్లో చల్లారింది పంపు ఒక్కటేనా? బానెట్ ఎత్తి ఉంది కాబట్టి ఇగ్నిషన్ కాయిలూ చల్లారింది, కండెన్సరూ చల్లారింది, మానిఫోల్డులో నిండిన పెట్రోలూ ఆరిపోయింది. గుడ్డ వేయకుండా అంతసేపు ఊరికే ఆగి చూసినవాళ్లు ఎందరు?

ఆవిరి పట్టడం అబద్ధమని అనను. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పద్మిని పంపు ఇంజన్‌కే అంటుకుని ఉండి, వెనక ట్యాంకు నుంచి పీల్చుకోవాలి. పీల్చేచోట ఒత్తిడి తగ్గి మరుగు ఇంకా తొందరగా వస్తుంది. కానీ ఆ జబ్బు ఎక్కువగా నడుస్తున్న బండికి వస్తుంది: గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే జర్కులిచ్చి ఆగిపోతుంది. టీకి ఆపిన బండి కథ చాలాసార్లు దీనికి తిరగబడి ఉంటుంది. ఇంజన్ ఆగగానే ఫ్యానూ, రేడియేటర్ నీళ్ల తిరుగుడూ ఆగిపోతాయి. వేడి కార్బరేటర్‌కు ఎక్కుతుంది. గిన్నెలో పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి పొంగుతుంది. అంటే ఇంజన్ పెట్రోలు అందక కాదు, ఎక్కువై మొరాయిస్తోంది. చోకు ముట్టుకోకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే చాలు. మనవాళ్లు పెడల్ పదేపదే పంపు చేసి మరింత పెట్రోలు పోస్తారు.

ఏది ఏ జబ్బో తేల్చడానికి ఒక్క ప్లగ్గు చాలు. మొరాయించిన వెంటనే, చల్లారకముందే ప్లగ్గు విప్పండి. తడిసి పెట్రోలు వాసన కొడుతోందా, పొడిగా ఉందా చూడండి. తర్వాత, కార్బరేటర్‌కు దూరంగా, దాన్ని వైరుకు తగిలించి బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా చిటపటమంటే ఇగ్నిషన్ జోలికి పోనక్కర్లేదు: ప్లగ్గు తడిగా ఉంటే పొంగు, పొడిగా ఉంటే అప్పుడు పంపు. స్పార్కే రాకపోయినా, పసుప్పచ్చగా నీరసంగా వచ్చినా కార్బరేటర్ ఎన్నిసార్లు ఊదినా దండగే. కాయిల్లోని రాగి తీగ 20 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే దాని నిరోధం పాతిక శాతానికి పైగా పెరుగుతుంది. ముసలి కాయిలుకు, లీకయ్యే కండెన్సరుకు అది చాలు. చల్లారాక రెండూ మంచివాళ్లలా నటిస్తాయి, అందుకే దొరకవు.

ఇక వణుకు. అది డిసెంబరు తెల్లవారుజామునా వణుకుతుంటే ఎండను ఏమని పట్టుకుంటారు? ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే, ఏది తీస్తే తేడా రాదో ఆ సిలిండరే దొంగ. అన్నీ సమంగానే ఉంటే కార్బరేటర్ అడుగు చూడాలి. విప్పి విప్పి, బిగించి బిగించి ఆ అంచు వంగిపోయి గాలి పీలుస్తుంటుంది. పదిసార్లు కార్బరేటర్ విప్పిన పుణ్యమే అది. దానికి తోడు ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. అందులో ఆక్సిజన్ ఉంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. పాత పెట్రోలుకు కొలిచి పెట్టిన జెట్లు అంత ఇవ్వవు, స్లో స్పీడు నీరసిస్తుంది. పంపులోని పాత రబ్బరు డయాఫ్రమ్‌కూ ఇథనాల్ పడదు. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము, బేతంచెర్ల రాళ్ల దుమ్ము ఫిల్టరులో పేరుకోవడం, బోరు నీళ్లు పోసి రేడియేటరుకు ఉప్పు పట్టించడం మన చేతి పనులు. వీటిలో ఎండ చేసిందేమీ లేదు.

ఈ మధ్య ఇంకో మందు వచ్చింది: ఎలక్ట్రిక్ పంపు. ట్యాంకు దగ్గర బిగిస్తే ఆవిరి సమస్య నిజంగానే తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇలాంటి కార్బరేటర్‌కు కావాల్సింది మూడు, నాలుగు పీఎస్‌ఐ. ఇంజెక్షన్ బండి పంపు 40 దాకా కొడుతుంది. గుజిరీలో దొరికిందని రెగ్యులేటర్ లేకుండా దాన్ని తగిలిస్తే ఫ్లోటు సూది ఆపలేదు, పెట్రోలు పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది. ఆనాడు తడిగుడ్డ చాలదు, ఫైరింజన్‌కు ఫోన్ చేయాలి.